మీ ప్రాజెక్టు పెళ్ళా, ఇల్లా, బోరుబావా? లక్ష్యం, పరిధి, కొలతల పద్ధతులను ఎంచుకోవడం ఎలా

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ కష్టమే, అయితే వాటి కష్టాలు వేరు వేరు. పెళ్ళిలో ముహూర్తం కదలదు. మండపానికి పూలు తగ్గవచ్చు, విస్తట్లో ఒక కూర తగ్గవచ్చు, ఖర్చు అనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు కావచ్చు. తొమ్మిదీ పద్దెనిమిదికి ముహూర్తమంటే ఆ నిమిషానికి జీలకర్ర బెల్లం పెట్టించవలసిందే. ఇంటి సంగతి వేరు. శ్రావణంలో అనుకున్న గృహప్రవేశం మాఘానికి జరిగినా బంధువులు ఏమీ అనుకోరు. స్లాబులోంచి నీరు కారితే మాత్రం పాతికేళ్లు చెప్పుకుంటారు.

వీటికి నేను మూడోది కలుపుతాను: బోరుబావి. నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయో పరికరాలతో వచ్చిన నిపుణుడూ కచ్చితంగా చెప్పలేడు, అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని స్థలమంతా తిరిగే పెద్దాయనా చెప్పలేడు. ఎన్ని అడుగుల దాకా డబ్బు పెడతాం, ఎక్కడ ఆపేస్తాం అన్నదొక్కటే మన చేతిలో ఉంటుంది.

మాదాపూర్‌లో చాలా ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు నడుపుతున్నాను. లక్ష్యాలు రాయడానికి స్మార్ట్ పద్ధతి మంచిదా, ఓకేఆర్ పద్ధతి మంచిదా, పరిధిని, అంటే ఏమేమి చేసి ఇవ్వాలో, ముందే రాసుకోవాలా, స్ప్రింట్లలో, అంటే కొన్ని వారాల చిన్న విడతల్లో, పోవాలా అని కొత్తగా బాధ్యత తీసుకున్నవారు అడుగుతూ ఉంటారు. నా ఎదురు ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: మీ పనిలో కదలనిది ఏది? తేదీ కదలకపోతే అది పెళ్ళి. చేసి ఇవ్వవలసిన వస్తువు కదలకపోతే ఇల్లు. పోగొట్టుకోవడానికి సిద్ధపడిన డబ్బు మాత్రమే ఖాయమైతే బోరు. ఈ జవాబు దొరికితే మిగిలిన ఎంపికల్లో ముప్పావు వంతు వాటంతట అవే తేలిపోతాయి.

పెళ్ళి రకానికి ఊళ్లోనే మంచి ఉదాహరణ ఉంది. ఖైరతాబాద్ గణపతి 1954లో ఒక్క అడుగు విగ్రహంతో మొదలై 2024 నాటికి 70 అడుగులయ్యాడు. మధ్యలో ఎత్తు పెరిగింది, తగ్గింది. కరోనా వచ్చిన 2020లో బాగా చిన్న విగ్రహంతో సరిపెట్టారు. అన్ని మార్పులూ ఎత్తులోనే. చవితిని వెనక్కి జరిపే అధికారం ఏ కమిటీకీ లేదు.

లక్ష్యం రాసేటప్పుడు

స్మార్ట్ పద్ధతిని అందరూ ఎక్కడో ఒక శిక్షణ తరగతిలో వినే ఉంటారు. జార్జ్ డొరాన్ 1981లో రాసిన ఒక చిన్న వ్యాసంతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. ఏమి చేయాలి, ఎంత చేయాలి, ఎవరు చేయాలి, ఉన్న వనరులతో అయ్యే పనేనా, ఎప్పటికి చేయాలి అన్నవి అందులోని ఐదు అక్షరాలు. మూడో అక్షరానికి డొరాన్ ఇచ్చిన అర్థం బాధ్యత అప్పగించడం. తరువాత శిక్షణ తరగతుల్లో అది ‘సాధించగలిగేది’గా మారిపోయింది. నాలుగో అక్షరం ఎలాగూ ఆ మాటే చెబుతోంది కాబట్టి ఒకే సంగతి రెండుసార్లు వచ్చి, ‘ఎవరు’ అన్నది ఎగిరిపోయింది. నేను పాత అర్థాన్నే వాడతాను. మనకు అది మరీ అవసరం, ఎందుకంటే తెలుగులో కర్త లేకుండా వాక్యం హాయిగా నడుస్తుంది. ‘జూన్ కల్లా అయిపోతుంది’ అంటాం. ఎవరి చేత అయిపోతుంది? ‘చూసుకుందాం’ అంటాం. సమావేశంలో ఎనిమిది మంది కూర్చుని ఎనిమిదిసార్లు ‘చూసుకుందాం’ అనుకుని టీ తాగి లేచిపోయిన రోజులు నాకు గుర్తున్నాయి.

ఓకేఆర్ (ఆబ్జెక్టివ్స్ అండ్ కీ రిజల్ట్స్) పుట్టుక వేరు. 1970లలో ఇంటెల్‌లో ఆండీ గ్రోవ్ దీన్ని రూపొందించారు. అక్కడ పనిచేసిన జాన్ డోర్ 1999లో గూగుల్‌కు పరిచయం చేశారు. పైన ఒక ఆశయం, దాని కింద మూడో నాలుగో కొలవదగిన ఫలితాలు. గూగుల్‌లో ఈ ఫలితాల్లో అరవై, డెబ్బై శాతం అందుకుంటే బాగా చేసినట్టే లెక్క. ఎప్పుడూ నూరు శాతం వస్తోందంటే లక్ష్యాన్ని చిన్నగా పెట్టుకున్నారని అనుమానిస్తారు. మన దగ్గర చాలామంది ఈ ఒక్క సంగతిని వదిలేసి మిగతాదంతా తెచ్చుకున్నారు. ఓకేఆర్ రాయించి, దాని మీదే ఇంక్రిమెంటు నిర్ణయిస్తారు. ఇక ఎవరు పెద్ద లక్ష్యం రాస్తారు? అందరూ డిసెంబరులోనే అయిపోయిన పనిని మార్చి నెల లక్ష్యంగా రాస్తారు.

రెంటిలో ఏది? పెళ్ళికి స్మార్ట్. డెబ్బై శాతం జరిగిన పెళ్ళిని పెళ్ళి అనరు. ఇంటికి కూడా స్మార్టే, కానీ ఒక్కో అంతస్తుకూ విడిగా రాసుకోవాలి. బోరుకు ఓకేఆర్ బాగా అమరుతుంది, ఎందుకంటే అక్కడ ఆశయం తెలుసు, దారి తెలియదు. మీ జట్టులో నలుగురే ఉండి, రెండు నెలల పనైతే ఏదీ వద్దు. ఈ పని పూర్తయ్యాక ఎవరికి ఏమి మారుతుందో ఒక్క వాక్యంలో రాసి గోడకు అంటించండి, చాలు.

ఆ ఒక్క వాక్యం రాయడం అనుకున్నంత తేలిక కాదు. పనిని రాసి లక్ష్యం రాశామనుకుంటాం. 1908 సెప్టెంబరు మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన రెండు జలాశయాలు వచ్చాయి. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. ‘రెండు జలాశయాలు కట్టాలి’ అన్నది పని. నగరాన్ని వరద ముంచకూడదు అన్నది లక్ష్యం. మొదటి వాక్యం మాత్రమే కాగితం మీద ఉంటే, కట్ట పోసి, తూములు బిగించి, ఇనుప గేటు సరిగా లేవకపోయినా ‘పూర్తయింది’ అని సంతకం పెట్టించుకోవచ్చు. మన సాఫ్ట్‌వేర్ పనుల్లో రోజూ జరిగేది అదే. ‘మొబైల్ యాప్ తయారుచేయాలి’ అన్న లక్ష్యం నెరవేరుతుంది, ఆ యాప్‌ను ఎవరూ తెరవరు.

పరిధి: పనిలో పనిగా

ప్రాజెక్టులను ముంచే మాట తెలుగులో ఒకటుంది: ‘పనిలో పనిగా’. పనిలో పనిగా ఆ నివేదిక కూడా పెట్టేయండి. పనిలో పనిగా ఉర్దూలో కూడా కనిపించేలా చేయండి. అడిగేవారి దృష్టిలో నిజంగానే అది చిన్న పని. తాపీ మేస్త్రీ ఎలాగూ ఉన్నాడు, పనిలో పనిగా వంటగది గోడ కూడా కొంచెం జరపమంటే ఏమవుతుందో ఇల్లు కట్టినవారికి తెలుసు. గోడతో పాటు కరెంటు పైపు, దానితో పాటు నీళ్ల పైపు, చివరికి తలుపు.

దీన్ని అదుపులో పెట్టడానికి మూడు దారులున్నాయి. అన్నీ ముందే రాసి, సంతకాలు చేయించి, మార్పు కావాలంటే మార్పు పత్రం నింపమనడం ఒకటి. కావలసినవాటిని ఎంత అవసరమో చూసి నాలుగు గంపల్లో వేయడం రెండోది. ఏమీ బిగించకుండా, రెండు వారాలకోసారి ఇప్పుడు ఏది ముఖ్యమో తేల్చుకుంటూ పోవడం మూడోది.

కొన్నేళ్ల కిందట ఒక విద్యాసంస్థకు ఫీజుల సాఫ్ట్‌వేర్ చేసి ఇచ్చాం. బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. నిఖార్సైన పెళ్ళి ప్రాజెక్టు. నేను దాన్ని ఇల్లులా నడిపాను. పరిధి పత్రం లావుగా తయారైంది, ప్రతి పేజీ మీద వారి సంతకం, మా సంతకం. అందులో అన్ని అంశాలకూ ఒకే గౌరవం. రసీదు ముద్రించడమూ, తల్లిదండ్రులు ఉపాధ్యాయులతో మాట్లాడుకునే వేదికా పక్కపక్కనే రెండు వరుసలు. మా కుర్రవాళ్లకు వేదిక మీద ఆసక్తి ఎక్కువ, సహజంగా దాన్ని ముందు చేశారు. బడి తెరిచిన ఉదయం ఆ వేదిక చక్కగా పనిచేస్తోంది. రసీదు రావడం లేదు. గుమాస్తాలు పాత కార్బన్ పేపర్ పుస్తకాలు బయటికి తీశారు. వరుసలో నిలబడ్డ తండ్రులు మమ్మల్ని చూసిన చూపు ఏ ఫీడ్‌బ్యాక్ ఫారంలోనూ పట్టదు. పత్రం ప్రకారం మేము చేసిన తప్పు ఏమీ లేదు, ఎనభై శాతం అంశాలు సమయానికే ఇచ్చాం.

అక్కడ కావలసింది నాలుగు గంపల పద్ధతి. 1994లో డై క్లెగ్ రూపొందించిన ఈ పద్ధతిని ఇంగ్లీషు అక్షరాలు కలిపి మాస్కో అంటారు, రష్యా నగరంతో సంబంధం లేదు. తప్పనిసరి, అవసరం, ఉంటే మంచిది, ఈసారి వద్దు. చెప్పడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. క్లయింట్‌తో కూర్చుంటే మొదటి గంట గడిచేసరికి అన్నీ ‘తప్పనిసరి’ గంపలోనే ఉంటాయి. దీన్ని ప్రచారంలోకి తెచ్చిన డీఎస్‌డీఎం అనే ప్రాజెక్టు నిర్వహణ పద్ధతి అందుకే ఒక హద్దు పెట్టింది: తప్పనిసరి పనులు మొత్తం శ్రమలో 60 శాతం దాటకూడదు. మిగిలిన 40 శాతం దుబారా కాదు, ఏదైనా అడ్డం తిరిగితే తేదీని కాపాడేది ఆ భాగమే. ఒక అంశం తప్పనిసరా కాదా అని తేల్చడానికి నేను అడిగే ప్రశ్న ఇది: ఇది లేకపోతే ఆ రోజు తాళం తీయకుండా ఇంటికి వెళ్లిపోతారా? రసీదు లేకపోతే వెళ్లిపోతారు. వేదిక లేకపోతే ఎవరూ గమనించరు.

నాలుగో గంప గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా అనుభవంలో అన్నిటికన్నా విలువైనది అదే. ‘ఈసారి వద్దు’ అని రాతలో ఉన్న అంశాన్ని మళ్ళీ పనిలో పనిగా అడగడానికి మనిషి కొంచెం మొహమాటపడతాడు. అసలు రాయనే లేదనుకోండి, మీరు మరిచిపోయారంటాడు.

పూర్తి పరిధి పత్రం, మార్పు పత్రం ఎక్కడ సరిపోతాయి? టెండర్ల ద్వారా వచ్చే ప్రభుత్వ పనికి, ఆసుపత్రి పరికరాలతో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌కు, వంతెనకు, నిజమైన ఇంటికి. ఇక్కడ మార్పు పత్రం నాలుగు గీతలకు మించనక్కరలేదు. ఏమి మారాలి, ఎవరు అడిగారు, ఎన్ని రోజులు పడుతుంది, దీనికోసం ఏది పక్కకు పోతుంది. చివరి గీత ఖాళీగా ఉంటే ఆ పత్రాన్ని తీసుకోవద్దు. ‘ఏదీ పక్కకు పోదు, రాత్రి కూర్చుని చేస్తాం’ అని జట్టులోని ఉత్సాహవంతుడు అంటాడు. అతన్ని మెచ్చుకోండి, పత్రాన్ని వెనక్కి ఇవ్వండి.

ఇంటి రకంలో తేదీ ఒత్తిడి వస్తే వస్తువును చెడగొట్టకుండా ముక్కలుగా ఇవ్వవచ్చు. హైదరాబాద్ మెట్రో అలాగే వచ్చింది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్లు తెరిచారు. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ వరకు 2018లో, హైటెక్ సిటీ వరకు 2019లో, జూబ్లీ బస్టాండు నుంచి ఎంజీబీఎస్ వరకు 2020 ఫిబ్రవరిలో జతపడ్డాయి. మొత్తం 69 కిలోమీటర్లు అలా అందాయి. పాతబస్తీలోకి వెళ్లవలసిన భాగం మిగిలిపోయింది. ముక్కలుగా ఇవ్వడంలో లాభమూ నష్టమూ రెండూ ఇందులో కనిపిస్తాయి. మొదటి ముక్క దానంతట అది పనికొచ్చేదిగా ఉండాలి, మియాపూర్‌లో ఎక్కి నాగోల్‌లో దిగగలగాలి. చివరికి పెట్టిన ముక్క మాత్రం చివరిలోనే ఉండిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి చివర దేన్ని పెడుతున్నామో తెలిసే పెట్టాలి.

మూడో దారి, అంటే స్ప్రింట్లు, బోరుకు తగినవి. స్ప్రింట్లతో పని నడిపే స్క్రమ్ పద్ధతి నియమాల ప్రకారం ఒక స్ప్రింట్ నెలకు మించకూడదు. మా వాళ్లు రెండు వారాలే పెట్టుకుంటారు. ఇందులో జనం చేసే పొరపాటు ఒక్కటే చెబుతాను: స్ప్రింట్లున్నాయి కాబట్టి హద్దు అక్కరలేదనుకోవడం. బోరు వేసేవాడు ప్రతి అడుక్కీ డబ్బు తీసుకుంటాడు, ఇంకో యాభై అడుగులు వేస్తే పడతాయనే చెబుతాడు. ఎన్ని స్ప్రింట్ల తరువాత, ఏది కనిపించకపోతే ఆపేస్తామో మొదటి రోజే రాసుకోండి. డబ్బు పోయాక ఆ నిర్ణయం తీసుకోవడం ఎవరి వల్లా కాదు.

కొలత

సమయం, ఖర్చు, పరిధి అన్న త్రికోణం మార్టిన్ బార్న్స్ 1969లో గీసినది. చాలా కంపెనీల్లో విజయానికి ఇప్పటికీ ఇదే కొలబద్ద. పెళ్ళి రకానికి ఇది దాదాపు సరిపోతుంది: ఆ రోజుకు తప్పనిసరి గంప మొత్తం సిద్ధమైందా లేదా? అవును, కాదు అన్నవి తప్ప శాతాలు వద్దు.

ఇంటి రకానికి త్రికోణం ఆలస్యంగా మాట్లాడుతుంది. పని ముగిశాక నష్టం చెప్పే కొలత దేనికి? అక్కడ ఎర్న్‌డ్ వాల్యూ, అంటే పూర్తయిన పని విలువను గడువుతోనూ ఖర్చుతోనూ పోల్చి చూడడం, మేలు. అమెరికా రక్షణ శాఖ కాంట్రాక్టుల్లో 1960లలో స్థిరపడిన లెక్క ఇది. పేరు భయపెడుతుంది గానీ చిట్టీల లెక్క తెలిసినవారికి ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఇరవై లక్షల పని, పది నెలల గడువు అనుకుందాం. ఐదో నెల చివరికి పది లక్షల విలువైన పని కావాలి. ఖర్చు తొమ్మిది లక్షలైంది. ఖాతాలు చూసే ఆయన లక్ష మిగిలిందని సంతోషిస్తాడు. నిజంగా పూర్తయిన అంశాల విలువ కూడితే ఏడు లక్షలే తేలింది. ఏడును పదితో భాగిస్తే 0.7, అంటే నడక మందగించింది. ఏడును తొమ్మిదితో భాగిస్తే సుమారు 0.78, అంటే పెట్టిన ప్రతి రూపాయికీ 78 పైసల పనే వస్తోంది. ఇదే తీరు సాగితే మొత్తం ఖర్చు దాదాపు 25 లక్షల 70 వేలకు చేరుతుంది. ఈ సంగతి పదో నెలలో తెలిస్తే ఏడుపు, ఐదో నెలలో తెలిస్తే ఇంకా మాట్లాడుకునే వీలుంటుంది. ఒక్క జాగ్రత్త: ‘తొంభై శాతం అయింది’ అన్న మాటను లెక్కలోకి తీసుకోవద్దు. అంశం పూర్తయితే పూర్తి విలువ, లేకపోతే సున్నా.

బోరు రకానికి ఇవేవీ పనికిరావు. గడువుకు, ఖర్చులోపు, అనుకున్న లోతుకు తవ్వి నీళ్లు పడని బోరు త్రికోణం ప్రకారం ఘనవిజయం. అక్కడ ఫలితాన్నే కొలవాలి. అయితే ఫలితాన్ని కొలవడం ఎంత జారుడు వ్యవహారమో మా అపార్ట్‌మెంట్ సంఘంలో నేర్చుకున్నాను.

రెండేళ్ల కిందట వర్షాకాలానికి ముందు ఇంకుడు గుంతలు తవ్వించాం. కార్యదర్శిగారు నివేదికలో ఆరు గుంతలు అనుకున్నాం, ఆరూ పూర్తి అని రాశారు. అందరూ చప్పట్లు కొట్టారు. మూడో అంతస్తు ఆవిడ, బ్యాంకులో చేసి రిటైరయ్యారు, ఒకటే అడిగారు: ‘వచ్చే ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లు తగ్గుతాయా?’ అదీ అసలు కొలత. వాచ్‌మన్ పుస్తకంలో ట్యాంకర్ల లెక్క ఎలాగూ ఉంది. మరుసటి వేసవిలో చూస్తే ట్యాంకర్లు బాగా తగ్గాయి. మళ్ళీ చప్పట్లు. ఈసారి సందేహం నాది: ఆ ఏడు వానలు కూడా బాగా పడ్డాయి కదా? తగ్గింది గుంతల వల్లా, వానల వల్లా? చివరికి గుంతలు లేని పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పుస్తకం కూడా అడిగి తెచ్చాం. వాళ్లకూ తగ్గాయి, మాకన్నా తక్కువగా. ఆ తేడానే మా గుంతల సంపాదన. ప్రాజెక్టుల్లో కూడా ఇలాంటి పక్కింటి పుస్తకం ఒకటి ఎక్కడో ఉంటుంది: మీ యాప్ ఇవ్వని శాఖ, పాత పద్ధతిలోనే నడుస్తున్న బ్రాంచి. పని మొదలయ్యే ముందే దాన్ని ఎంచుకుని, ఆరు నెలల తరువాత ఎవరు లెక్క చూస్తారో పేరుతో సహా రాయాలి. అప్పటికి జట్టు వేరే పనిలో ఉంటుంది, ఎవరికీ పట్టదు.

ఇంకో చిక్కు. కొలత మీద బహుమతి పెట్టిన మరుక్షణం కొలత పాడవుతుంది. ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో ద్రవ్య విధానం గురించి చెప్పిన మాట మా సహాయ విభాగంలో అక్షరాలా జరిగింది. మూసిన ఫిర్యాదుల సంఖ్యను బట్టి మెచ్చుకోవడం మొదలుపెట్టగానే, ఫిర్యాదులు పొద్దున మూసుకుని సాయంత్రం మళ్ళీ తెరుచుకునేవి. అందుకే ఒక కొలతకు ఎదురుగా దాన్ని కాపలా కాసే ఇంకో కొలత పెట్టుకోండి. మూసినవాటి పక్కన, తిరిగి తెరిచినవి.

కలగలుపు వచ్చినప్పుడు

క్లయింట్ మొదటి సమావేశంలోనే తేదీ, ఖర్చు, పరిధి మూడూ కదలవంటాడు. వాదించవద్దు. కాగితం మీద మూడూ రాసి, ఒకటి, రెండు, మూడు అంకెలు వేయమనండి, ఒకే అంకె రెండుసార్లు రాకూడదనండి. చాలామంది నవ్వుతూ వేస్తారు. వేయనివారితో ఒప్పందం చేసుకునేటప్పుడు ధరలో మార్పులకు కొంత కలుపుకోండి.

ఇంతకన్నా గడ్డు సంగతి, ప్రాజెక్టు మధ్యలో రకం మారడం. ఇల్లులా నెమ్మదిగా సాగుతున్న పనికి ఒక మధ్యాహ్నం ఫోను వస్తుంది: ప్రారంభోత్సవానికి మంత్రిగారి తేదీ ఖరారైంది. ఆ క్షణం నుంచి అది పెళ్ళి. చాలామంది పాత పరిధి పత్రాన్నే పట్టుకుని ఇంకా వేగంగా పరుగెత్తడానికి చూస్తారు. నేనైతే అదే రోజు సాయంత్రం పత్రంలోని ప్రతి అంశాన్నీ నాలుగు గంపల్లోకి మళ్ళీ పంచుతాను. కొత్త మార్పు పత్రాలను ఆ తేదీ దాటేదాకా ఆపుతాను. పరీక్షలకు కేటాయించిన రోజులను మాత్రం ఎవరు అడిగినా ఇవ్వను, అందరి చేతులూ ముందు వాటి మీదికే వస్తాయి. క్లయింట్‌కు ఆ రాత్రే రెండు జాబితాలు పంపుతాను: రిబ్బను కత్తిరించే రోజున పనిచేసేవి, ఆ తరువాత నెలలో వచ్చేవి. మొదటిది పొట్టిగా ఉందని ఫోను వస్తుంది. రెండో జాబితాలోంచి ఒకటి ఇటు తెస్తే, మొదటి జాబితాలోంచి ఏది అటు పంపాలో చెప్పమంటాను.